గన్నారెడ్డి మీద మనసెందుకు పోదు?

చారిత్రక ప్రేమ నవలల గురించి పాఠకులు ఏమనుకుంటున్నారో రాయమన్నారు ఎడిటర్ గారు.  లైబ్రరీల్లో, పుస్తకాల షాపుల్లో ఎవరిని కదిపినా ఫిర్యాదు దాదాపు ఒక్కటే: మగవేషంలో రాకుమారి, మంచి మనసున్న గజదొంగ, ముహూర్తం వేళకు ఆగిపోయే పెళ్లి. నాలుగు పేజీలు తిరగేస్తే నలభయ్యో పేజీలో ఏముందో చెప్పేయొచ్చని ఒక కుర్రాడు విసుక్కున్నాడు. మరి నచ్చిన నవల ఏదయ్యా అంటే, ‘గోన గన్నారెడ్డి’ అన్నాడు. ఆ మూడూ ఉన్న నవల అది!

తప్పేముంది? కథ తెలియదనా హరికథకు వెళ్లేది, అని అడిగారు ఓ రిటైర్డ్ లెక్చరర్ గారు. నేనూ ఆమె పక్షమే.

ఆ నవల రాసిన అడివి బాపిరాజు చేసిన పని చూడండి. ఆదవోనిలో అన్నాంబిక పెళ్లి. మామూలుగా అయితే ఎత్తుకుపోవాల్సింది పెళ్లికూతుర్ని. ఇక్కడ గన్నారెడ్డి వచ్చి పెళ్లికొడుకు వరదారెడ్డిని ఎత్తుకుపోతాడు. పాత మలుపునే పట్టుకుని ఇంత చక్కగా తిప్పిన రచయిత మీద ‘రొటీన్’ అన్న ముద్ర వేయడానికి నాకు మనసొప్పదు. ఆ పెళ్లి చెడగొట్టినవాడినే అన్నాంబిక తర్వాత ప్రేమిస్తుంది. అలా జరుగుతుందని మొదటి అధ్యాయంలోనే మనకు తెలిసిపోతుంది. అయినా పుస్తకం కింద పెట్టం.

గన్నారెడ్డి నిజంగా ఉన్నాడా అని చాలామంది అడిగారు. ఉన్నాడు. ఆధారం రాయచూరు కోట గోడలో ఉంది. 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే ఒక్క రాయి. దాని మీద 1294 నాటి శాసనం. గోన గన్నారెడ్డి మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి, రాయచూరు చేరి ఈ కోట కట్టించాడని దాని సారాంశం. ఆ పట్టికలో ఆదవాని పేరు కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. పెళ్లికొడుకు మాయమైన ఊరు అదే కదా!

నన్ను ఇంకా ఎక్కువగా పట్టేసింది శాసనంతో పాటు చెక్కిన బొమ్మ. ఆకుల్లేని గుండ్రటి చక్రాల బండి. దాని మీద ఆ రాయి. ముందు బారులు తీరిన దున్నపోతులు, మధ్యమధ్య వాటిని అదిలించే తోలరులు, వెనక సన్నకోలలతో చక్రాలను ఎత్తి నెట్టే మనుషులు. ఇంత రాయిని ఇక్కడికి ఎలా తెచ్చామో చూడండని, తెచ్చినవాళ్లే చెబుతున్నట్టుంటుంది. మన నవలల్లో కోటలు ఒక్క వాక్యంలో లేచిపోతాయి. ఈ బొమ్మలో ఒక్కో జాన ముందుకు కదలడానికి ఎంత చెమట పట్టిందో కనిపిస్తుంది.

నా అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. ఆ బండి తోలినవాడికి ప్రేమ ఉండదా? అతను దున్నల వెంట నడుస్తుంటే ఊళ్లో ఎదురుచూసిన పిల్ల ఉండదా? మన చారిత్రక నవలల్లో వలపు చాలావరకు రాచవారి సొత్తు. పాఠకుల విసుగుకు అసలు కారణం ఇదేనని నాకనిపిస్తోంది. మలుపులు పాతవైనా ఫర్వాలేదు, మనుషులు మారాలి.

నవల వెనకున్న చరిత్ర క్లుప్తంగా: కాకతీయ రాజు గణపతిదేవుడి తర్వాత 1262లో రుద్రమదేవి పాలనకు వచ్చింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ని పెళ్లాడింది. 1289 దాకా ఏలింది. తర్వాత మనుమడు ప్రతాపరుద్రుడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల పాలైంది. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని కూడా అన్నారు కాబట్టి, నవలలో రుద్రమ మగవేషం నమ్మశక్యంగా లేదనేవాళ్లు ఆ తగాదా బాపిరాజుతో పెట్టుకోనక్కర్లేదు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా చూసి నవల వెతుక్కున్న కుర్రకారు కూడా నాకు తగిలారు.

పెళ్లితో కథ కంచికి వెళ్లకూడదనేవారికి

విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ చదవండి. నాయకరాజుల నాటి మధుర. ఇద్దరు స్నేహితులు. ఒక్కొక్కరూ వలచిన అమ్మాయి రెండోవారికి భార్య అవుతుంది. ఇక్కడ పెళ్లి అయ్యాకే చిక్కంతా. చివరికి ఏ దారీ మిగలదు. 1969లో సినిమాగా వచ్చింది. సుఖాంతాలు మొహం మొత్తాయన్న పాఠకులు ఎక్కువగా చెప్పిన పేరు ఇదే.

రాయని నవల

నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలం చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఉంది. శివలోకం చేరిన రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సైనికోద్యోగి భూమి దానం చేశాడు. ఎదురుతిరిగిన సామంతుడు అంబదేవుడితో పోరులో ఇద్దరూ మరణించారని చరిత్రకారులు భావిస్తున్నారు. మన నవలల్లో రుద్రమ పడుచుదనం దగ్గరే ఆగిపోయింది. మనవడిని రాజ్యానికి తయారుచేసి, నెరిసిన జుట్టుతో దండు వెంట కదిలిన రుద్రమను ఎవరైనా రాయండి. మొదటి కాపీ నేను కొంటాను.