గుల్లలు ఏరేవారికి: ఏ సైజు వదిలేయాలి, ఎందుకు?

“వేట నిషేధం మాకూ ఉంటుందా?” కాకినాడ అఖాతంలో, కోరింగ వైపు గుల్లలు ఏరే కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల నిషేధం సముద్రంలో మర పడవలు, మోటారు పడవల మీద చేసే వేటకు సంబంధించింది. చేత్తో గుల్లలు ఏరడం దాని కిందకు రాదు. అందుకే మీకు తేదీ కన్నా సైజు ముఖ్యం.

గుల్లల్లో ఆడవి గుడ్లను, మగవి వీర్యాన్ని నీళ్ళలోకే వదులుతాయి. పుట్టిన పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి. కొన్నాళ్ళు నీళ్ళలో తేలి, ఆ తర్వాత బురదలోకి దిగుతాయి. మన దగ్గర దొరికే ఎర్ర నెత్తురు గుల్ల దాదాపు 2 సెంటీమీటర్లు దాటాకే గుడ్లు పెట్టే వయసుకొస్తుంది. అంతకన్నా చిన్నది తట్టలో పడిందంటే అది ఒక్కసారి కూడా పిల్లల్ని వదలలేదన్నమాట.

ఇక చిప్ప సంగతి. మాంసం చుట్టూ ఉండే పల్చటి పొర నీటిలోని కాల్షియం తీసుకుని చిప్ప అంచుకు కొత్త సున్నం చేరుస్తుంది. గోదావరి వరద నీరొచ్చి ఉప్పదనం తగ్గితే గుల్ల నోరు మూసుకుంటుంది. మేత ఉండదు, పెరుగుదల ఆగుతుంది. మళ్ళీ మొదలైన చోట అంచుకు సమాంతరంగా గీత పడుతుంది. గీతకో ఏడాది అని లెక్కేయకండి, ఒకే ఏడాదిలో రెండు మూడు కూడా పడొచ్చు.

మొదటి ఏడాదిలో గుల్ల సుమారు 3 సెంటీమీటర్లకు వస్తుంది, తర్వాత వేగం తగ్గుతుంది. 2 నుంచి 3 సెంటీమీటర్లకు పెరిగితే బరువు సుమారు మూడు రెట్లవుతుంది. ఇవాళ మూడు కిలోలు చిన్నవి ఏరినా సున్నపు బట్టీకే పోతాయి. నాలుగైదు నెలలు ఆగితే అవే కూర గుల్లలు.

కేరళలోని అష్టముడి సరస్సులో 1991లో దాదాపు 10,000 టన్నుల గుల్లలు తీశారు. 1993కల్లా అది సగానికి పడిపోయింది. అప్పుడు అక్కడివాళ్ళు గుడ్లు పెట్టే డిసెంబర్–ఫిబ్రవరి నెలల్లో వేట ఆపారు, చిన్నవి జారిపోయేలా వల కన్ను పెద్దది చేశారు. 2014లో ఆ వేటకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. వాళ్ళ నెలల్ని మాత్రం ఇక్కడ పాటించాల్సిన పని లేదు. ఆ గుల్ల జాతి వేరు, ఆ నీళ్ళు వేరు. సైజు పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది.

కొలత పట్టీ అక్కర్లేదు. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. బిళ్ళ కన్నా చిన్న గుల్లను ఏరిన చోటే, అదే పూట వదిలేయండి. ఇంటికి తెచ్చాక మర్నాడు పారబోస్తే బతకవు. ఇది ప్రభుత్వ నిబంధన కాదు, చేతి లెక్క మాత్రమే.

గుల్లలు పెంచాలనుకునేవారికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాయం ఉంది. యూనిట్ ఖర్చులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ. డబ్బు పెట్టే ముందే మీ రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకుణ్ణి కలిసి, ఈ ఏడాది మీ మండలానికి యూనిట్లు వచ్చాయో లేదో అడగండి. మంజూరు కాగితం చేతికి రాకముందు కొన్న సామానుకు సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.