అసలు కంటే కొసరు ముద్దు

అంగట్లో కూరగాయలు కొన్నాక గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు పడితే గాని మన ఇళ్ళల్లో బేరం తెగినట్టు కాదు. సినిమాలకూ అలాంటి కొసరు ఒకటుందని మనవాళ్ళకు డీవీడీల కాలంలో తెలిసింది. డిస్కు పెట్టగానే తెర మీద ఒక పట్టిక వచ్చేది. పైన అసలు సినిమా. దాని కింద కత్తిరించి పక్కన పడేసిన సన్నివేశాలు, షూటింగు ఎలా జరిగిందో చూపే చిన్న చిత్రం, నటులు మాట తడబడి నవ్వేసిన ముక్కలు ఉండేవి. అన్నిటికీ మించి, సినిమా నడుస్తుండగా దర్శకుడు మన పక్కనే కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుండే వ్యాఖ్యానం. వీటిని ఎక్స్‌ట్రాలు అంటారు. నేను కొసరు అంటాను.

కోట్లు పోసి తీసిన సినిమాకు ఈ కొసరు లేకపోయినా వచ్చే నష్టం లేదు. దాని ముచ్చట్లు పత్రికలే రాస్తాయి. చేతిలో డబ్బు లేనివాళ్ళు, స్నేహితుల్ని కూడగట్టుకుని తీసిన చిన్న హాస్యచిత్రానికి మాత్రం సగం విలువ కొసరులోనే ఉంటుంది. అది చూసి నవ్వుకున్న ప్రతివారికీ చివర్లో వచ్చే సందేహం ఒకటే: "ఇంత తక్కువలో ఎలా తీశారబ్బా?" ఆ జవాబు ఎవరూ దాచిపెట్టకపోతే తీసినవాళ్ళతోనే పోతుంది.

పదిహేడు లక్షలు, పదిహేడు రోజులు

మన తెలుగువాళ్ళ చిన్న సినిమాల్లో ముందుగా చెప్పుకోవలసింది 1998లో వచ్చిన 'హైదరాబాద్ బ్లూస్'. తీసినది నగేష్ కుకునూర్. హైదరాబాదు కుర్రాడు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి పైచదువు ముగించి, అట్లాంటాలో ఉద్యోగం చేశాడు. జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో సినిమాకు దిగాడు. ఖర్చు 17 లక్షలు, షూటింగు 17 రోజులు. కథ రాసింది తనే, దర్శకుడు తనే, కథానాయకుడూ తనే.

కథ మనకు కొత్తదేమీ కాదు. పన్నెండేళ్ళు అమెరికాలో ఉన్న వరుణ్ సెలవు మీద ఇంటికి వస్తాడు. వచ్చీ రాగానే అమ్మానాన్నలు పెళ్ళి మాట ఎత్తుతారు. సంబంధాలు వద్దంటూనే అశ్విని అనే డాక్టరమ్మాయి వెంట పడతాడు. సొంత ఊళ్ళోనే తాను పరాయివాడై పోయానన్న సంగతి అతనికి మెల్లిగా తెలిసి వస్తుంది. విదేశంలో పాటలు లేవు, ఫైట్లు లేవు. మాటల మీదే సినిమా నడుస్తుంది. డబ్బు లేనప్పుడు మంచి మాటే పెట్టుబడి కదా!

నన్ను కట్టిపడేసింది మాత్రం అందులోని భాష. పెద్దవాళ్ళతో తెలుగు, స్నేహితులతో ఇంగ్లీషు, మధ్యలో హిందీ. అన్నిటినీ కలిపి ఒక్క భాషలోకి చదును చెయ్యలేదు. బళ్ళారి కంటోన్మెంటులో మా ఇల్లూ అలాంటిదే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, కౌల్‌బజారుకు వెళితే దక్కనీ ఉర్దూ. మన పిల్లలు ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపితే చిన్నబుచ్చుకునే పెద్దలు ఈ సినిమా ఒకసారి చూడాలి. మనం బతికే తీరు అదేనని ఒక సినిమా మొహమాటం లేకుండా చూపించింది. 2004లో దీనికి రెండో భాగం కూడా వచ్చింది. అప్పటికి వరుణ్‌కూ అశ్వినికీ పెళ్ళయి ఆరేళ్ళు. తర్వాత కొద్దికాలానికే పాతబస్తీ కుర్రకారు మీద దక్కనీలో తీసిన 'ది అంగ్రేజ్' వచ్చింది. అది డిస్కుల మీదే చేతులు మారి ఇల్లిల్లూ తిరిగింది.

డిస్కులో చోటు

మరి ఇలాంటి సినిమాల కొసరు మన ఇళ్ళకు ఎందుకు చేరలేదు? కారణం చాలా మామూలుది. మనం అద్దెకు తెచ్చుకున్నవీ, కొన్నవీ ఎక్కువగా వీసీడీలు. ఒక వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. రెండు గంటల సినిమాకే రెండు డిస్కులు కావాలి. ఇంటర్వెల్ దగ్గర లేచి డిస్కు మార్చే పని ఇంట్లో చిన్నవాడిది. అసలుకే చోటు చాలనిచోట కొసరు ఎక్కడ పెడతారు? డీవీడీలో దాదాపు ఏడు రెట్లు చోటుంది. అయితే మన ఊళ్ళల్లో డీవీడీ ప్లేయర్లు పెరిగేసరికి ధరల పోటీ మొదలైంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. కొనేవాళ్ళకు పండుగే. ఆ ధరలో దర్శకుణ్ణి కూర్చోబెట్టి వ్యాఖ్యానం రికార్డు చేయించే ఓపిక ఎవరికుంటుంది? ఆ కంపెనీ కూడా 2018లో దివాలా తీసి మూతపడింది.

అమెరికాలో ఈ అలవాటు పాతది. 1984లో 'కింగ్ కాంగ్' పాత సినిమాను లేజర్ డిస్కుగా వేసినప్పుడు రొనాల్డ్ హేవర్ అనే సినీ చరిత్రకారుడు వ్యాఖ్యానం చెప్పాడు. ఈ పద్ధతికి అదే నాంది. తర్వాత చిన్న సినిమాలవాళ్ళు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1994లో కెవిన్ స్మిత్ అనే కుర్రాడి 'క్లర్క్స్' అనే హాస్యచిత్రం వచ్చింది. న్యూజెర్సీలో తాను గుమాస్తాగా పనిచేసే కొట్టులోనే తీశాడు. ఖర్చు 27,575 డాలర్లు. తన కామిక్ పుస్తకాలు అమ్ముకున్నాడు, క్రెడిట్ కార్డుల మీద అప్పు చేశాడు. పగలు బేరాలు, రాత్రి షూటింగు. కథ పగలు జరగాలి, బయట చూస్తే చీకటి. అందుకని తాళంలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారనీ, షట్టరు తెరుచుకోవడం లేదనీ కథలోనే ఒక సాకు రాసుకున్నాడు!

ఆ సినిమాకు మొదట వేరే ముగింపు ఉండేది. దొంగ చేతిలో గుమాస్తా చనిపోతాడు. సలహాలు విని దాన్ని కత్తిరించారు. నవ్వించిన సినిమా నవ్విస్తూనే ముగిసింది. ఆ తీసేసిన ముగింపు డిస్కు కొసరులో ఉంది. పదేళ్ళు నిండిన సందర్భంగా 2004లో మూడు డిస్కులుగా వేసినప్పుడు మొదటి కూర్పు మొత్తాన్నీ చేర్చారు. ఇందులో మాటలు మోటుగా ఉంటాయి. పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదని ముందే చెబుతున్నాను. కానీ ఒక కత్తెర కథను ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

మన సరిహద్దు సినిమా

2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో 'సినిమా బండి' వచ్చింది. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. నిర్మించిన రాజ్, డీకేలు చిత్తూరు జిల్లా నుంచి అమెరికా వెళ్ళిన ఇంజనీర్లు. వాళ్ళ మొదటి పెద్ద సినిమా 'ఫ్లేవర్స్' (2003) కూడా అక్కడి భారతీయుల మీద తక్కువ ఖర్చుతో తీసిన హాస్యచిత్రమే. 'సినిమా బండి' కథ ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో జరుగుతుంది. ఆటో నడిపే వీరబాబుకు బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే గణపతిని కలుపుకుని ఊరివాళ్ళతోనే సినిమా మొదలుపెడతాడు. క్షౌరం చేసేవాడు హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. తెలుగులో కన్నడపు గాలి వీచే యాస విని మా ఇంట్లో అందరం మురిసిపోయాం.

ఇది ఇంట్లో చూసే సినిమాయే, కానీ చేతిలోకి వచ్చే డిస్కు కాదు. పట్టిక లేదు, దర్శకుడి వ్యాఖ్యానం లేదు. నెలనెలా చందా కట్టడం మానేస్తే సినిమా కూడా మన ఇంట్లో ఉండదు. సౌకర్యం పెరిగింది, కొసరు తగ్గింది.

బళ్ళారివాళ్ళకు ఈ నష్టం కొత్త కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను ఇక్కడే నడిపారు. ఇద్దరూ వకీళ్ళు. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. బళ్ళారి రాఘవ కూడా వకీలే. ఆయన 'రైతుబిడ్డ' (1939) లాంటి కొద్ది సినిమాల్లోనే నటించారు. రంగస్థలం మీద ఆయన చేసినదాన్ని ఈనాడు మనం విని తెలుసుకోవలసిందే. నాటకాల పుస్తకాలు మిగిలాయి గాని రిహార్సలులో ఏం జరిగిందో, ఎవరు చందా ఇచ్చారో, ఎవరు తెర లాగారో చెప్పే కొసరు మిగల్లేదు.

మన బీరువాల్లో ఉన్న సినిమాలు

ఇదంతా పెద్దవాళ్ళ సంగతి అనుకోకండి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉగాది నాటికలు, పిల్లల ఏకపాత్రాభినయాలు, పెళ్ళిళ్ళు వీడియో క్యాసెట్లలో ఉన్నాయి. టేపుకు తేమ తగిలితే బూజు పడుతుంది. ఇంట్లో రాసుకున్న సీడీలు ఎండ తగిలితే చెడిపోతాయి. జపానుకు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. తర్వాత ఇక కొత్తవి చేసేవాళ్ళు లేరు.

1994 ఉగాదికి కంటోన్మెంటులో మేము కొందరం కలిసి వేసిన హాస్య నాటిక టేపును ఆమధ్య కంప్యూటరులోకి ఎక్కించాం. ఎనిమిది మంది నటుల్లో ముగ్గురు ఇప్పుడు లేరు. మిగిలిన ఐదుగురినీ పిలిచి, టీవీలో నాటిక పెట్టి, పక్కన ఫోను రికార్డరు ఆన్ చేశాను. మాట్లాడుతూ పోయారు. జమీందారు కుర్చీ ఎవరింటి నుంచి వచ్చిందో తెలిసింది. రెండో రంగంలో కరెంటు పోతే పెట్రోమాక్స్ ఎవరు తెచ్చారో తెలిసింది. అంతలో ఒక పెద్దాయన, "ఈ డైలాగు మా ఆవిడ రాసింది. సగం నాటిక ఆమెదే. కరపత్రంలో నా పేరు వేశారు" అన్నాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఇప్పుడెందుకండీ అవన్నీ" అంటూనే వచ్చి కూర్చుంది. మిగతా వ్యాఖ్యానం ఆమే చెప్పింది. ముప్ఫై ఏళ్ళకు ఆ నాటికకు అసలు రచయిత్రి దొరికింది. నాటిక ఎన్నిసార్లు చూసినా ఆ సంగతి బయటపడేది కాదు.

మీరూ చెయ్యండి. పెద్ద పనేమీ కాదు. ముందు టేపును స్టూడియోలో కాపీ చేయించండి. తెలిసినవాళ్ళను కూర్చోబెట్టండి. రికార్డింగు మొదట్లో తేదీ, స్థలం, మాట్లాడేవాళ్ళ పేర్లు చెప్పించండి. ఎంత ఖర్చయింది, ఎవరిచ్చారు, ఏ భాగం తీసేశారు, తెర వెనక ఎవరున్నారు అని అడగండి. మధ్యలో అడ్డు తగలకండి. తప్పు చెబితే పక్కవాళ్ళే సరిదిద్దుతారు, ఆ వాదులాటే మహా రుచి. కాపీ ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర, ఒకటి మన సంఘంలో ఉంచండి.

సినిమాగాని నాటికగాని మళ్ళీ వెయ్యవచ్చు. వేసినవాళ్ళ నోటి మాట మళ్ళీ రాదు. వచ్చే ఉగాది లోపల మీ ఇంటి బీరువా ఒకసారి తెరిచి చూడండి.