మూడు సెకన్లు ఆగండి టీచర్‌!

'అర్థమైందా?'

'అర్థమైంది టీచర్‌...'

తరగతి గది మారుమోగిపోతుంది. టీచరు తృప్తిగా పేజీ తిప్పేస్తారు. ఆ కోరస్‌లో సగం గొంతులు పక్కవాణ్ని చూసి అరిచినవేనని పరీక్ష పెట్టాకగానీ తెలీదు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. నలభైమందిలో లేచి నిలబడి 'నాకు అర్థం కాలేదు' అని చెప్పే ధైర్యం ఎందరికుంటుంది?

పోనీ, పాఠంలోంచే ప్రశ్న అడిగారనుకుందాం. జవాబు కోసం ఎంతసేపు చూస్తారు? అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్‌ రోకీ ఇదే సందేహం వచ్చింది. వందలకొద్దీ పాఠాలను టేపుల్లో రికార్డు చేసి విన్నారామె. 1974లో ప్రచురించిన ఫలితాలు ఉపాధ్యాయులనే ఆశ్చర్యపరిచాయి. టీచర్లు సగటున ఆగేది ఒకే ఒక్క సెకను! ఈలోగా ఎవరూ పలక్కపోతే మరొకర్ని అడగడమో, జవాబు తామే చెప్పేయడమో.

అంతకన్నా బాధ కలిగించే విషయం ఇంకోటుంది. బాగా చదువుతారనుకున్న పిల్లలకోసం టీచర్లు దాదాపు రెండు సెకన్లు ఆగారు. వెనకబడ్డారనుకున్న వారికి సెకను కూడా ఇవ్వలేదు. ఎక్కువ సమయం కావాల్సింది ఎవరికి? దక్కింది ఎవరికి?

ఆగి చూస్తే...

మూడు సెకన్లు, ఆపైన ఆగడం నేర్చుకున్న టీచర్ల క్లాసుల్లో దృశ్యం మారిపోయింది. ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లు వాక్యాలు చెప్పారు. 'తెలీదు' అనడం తగ్గింది. పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. దాంతో వాళ్లపై టీచర్ల అభిప్రాయమూ మారింది.

అయితే ఆగినంత మాత్రాన చాలదు, ఆలోచించదగ్గ ప్రశ్నా ఉండాలి. 'నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది?' అంటే '100' అని ఠక్కున చెప్పేస్తారు. 'మట్టికుండలో నీళ్లు చల్లబడతాయి, స్టీలు బిందెలో ఎందుకు చల్లబడవు?' అంటే బుర్రకి పని. 'బిందెకి తడిబట్ట చుడితే?' అంటే ఇంకాస్త పని.

ఇలా చేయొచ్చు!

* ముందు ప్రశ్న, తర్వాతే పేరు. 'రాజూ, నువ్వు చెప్పు' అని మొదలెడితే మిగతావాళ్లంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

* జవాబు రాగానే 'వెరీగుడ్‌' అనేయకుండా కాసేపు ఆగాలి. ఆ పిల్లవాడో, పక్కవాడో ఇంకో మాట కలుపుతారు.

* తప్పు చెబితే 'కూర్చో' అనొద్దు. 'అలా ఎందుకనుకున్నావు?' అని అడిగితే పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది.

అమ్మానాన్నలకూ ఈ సూత్రం పనికొస్తుంది. 'ఇవాళ స్కూల్లో ఏం చెప్పారు?' అంటే వచ్చే జవాబు 'ఏం లేదు'. 'ఇవాళ నీకు అర్థంకానిది ఏమిటి?' అని అడిగి చూడండి. అడిగాక... మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి!