అప్‌డేట్ తర్వాత ఫోన్ ఛార్జింగ్ నిలుస్తలేదా? బ్యాటరీ మార్చే ముందు మూడు రాత్రులు ఆగి చూడండి



ఈసారి జీవామృతం గురించి కాదు, ఫోన్ గురించి. "వ్యవసాయం చెప్పేటోడు ఫోన్ ముచ్చట ఎందుకు పెట్టిండు?" అని మీకు అనిపించవచ్చు. కానీ మనలో పంటను నేరుగా అమ్ముకునే వాళ్లందరికీ ఫోనే దుకాణం, ఫోనే గల్లాపెట్టె. ఆర్డర్ వాట్సాప్‌లో వస్తుంది, డబ్బులు యూపీఐలో వస్తాయి, పీఎం కిసాన్ ఓటీపీ కూడా దానికే వస్తుంది. అది మధ్యాహ్నానికే చచ్చిపోతే ఎంత నష్టమో నాకు గత మార్చిలో తెలిసింది. పైన వీడియోలో సెట్టింగులు చూపించాను. ఎందుకు, ఏమిటి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగింది

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒక ఎకరం పసుపు, రెండెకరాలు వరి, రెండు నాటు ఆవులు. కొత్త పసుపు పొడి మొదటి ఆర్డర్లు ఇవ్వాలని బండి కట్టుకొని బయలుదేరాను. కోరుట్లలో మూడిళ్లు, అక్కడి నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ, చివరికి సిరిసిల్ల. ముందు రోజు రాత్రి ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చింది. పడుకునే ముందు ఒత్తేశాను. పొద్దున ఆరింటికి 100 శాతం ఉంది.

కోరుట్లలో పని అయ్యేసరికి 52. ఎండకు అయ్యి ఉంటదిలే అనుకున్నాను. రుద్రంగి దాటేసరికి 24. వేములవాడలో 9. సిరిసిల్ల చేరేసరికి ఫోన్ ఆగిపోయింది. బీవై నగర్‌లో ఒక మరమగ్గాల కుటుంబానికి పది కిలోల పసుపు, రెండు బస్తాల బియ్యం ఇవ్వాలి. ఇంటి నంబరు, దారి, అక్క ఫోన్ నంబరు అన్నీ వాట్సాప్‌లోనే ఉన్నాయి. సాంచాల చప్పుడు వినుకుంటా గల్లీ గల్లీ తిరిగాను, దొరకలేదు. చివరికి ఒక చాయ్ హోటల్‌లో అడిగి ఛార్జింగ్ పెట్టుకున్నాను.

ఫోన్ ఆన్ కాగానే ఇంటి నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్ వచ్చినట్టు మెసేజీలు పడ్డాయి.

మా గౌరి ఈనుతోంది. తొలి ఈత. దూడ ముందరి కాలు లోపల మడత పడింది. బాపుకు నా నంబరు తప్ప ఇంకో దారి తెలియదు. నేను కోరుట్లలో ఉన్నప్పుడే తెలిసి ఉంటే అక్కడి పశువైద్య కళాశాలలో అడిగేవాణ్ని. కనీసం 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య బండిని పిలిచేవాణ్ని. చివరికి పక్క పొలం కాక చూసి 1962కు చేశాడట. డాక్టర్ వచ్చి ఆవును కాపాడారు. దూడ దక్కలేదు. గంట ముందు వస్తే బతికేదా అని అడిగాను. చెప్పలేమన్నారు.

రాత్రి ఇంటికి పోయేసరికి బాపు కొట్టం కాడ కూర్చొని ఉన్నాడు. "ఫోన్ ఉన్నది ఎందుకురా మరి?" అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు.

నేను చేసిన తప్పులు

మరుసటి రోజు కోపంతో అన్నీ ఒక్కసారే చేశాను. కనిపించిన యాప్‌లన్నీ తీసేశాను. "బ్యాటరీ సేవర్" అని ఒక కొత్త యాప్ వేశాను. అది ప్రకటనలు చూపించుకుంటా ఇంకా ఎక్కువ తినింది. ఐదు నిమిషాలకోసారి యాప్‌లన్నీ పైకి తోసి మూసేశాను. అదీ నష్టమే. రోజూ వాడే యాప్‌ను మూసిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి తెరవడానికి ఫోన్ ఇంకా కష్టపడుతుంది.

తర్వాత బ్యాటరీ మార్పిద్దామని కోరుట్ల పోయాను. దానికి పన్నెండు వందలు. కుదరకపోతే పద్దెనిమిది వేలు పెట్టి కొత్త ఫోనే కొందామని కూడా అనుకున్నాను. రిపేర్ చేసే తమ్ముడు ఫోన్ చూసి, "అన్నా, బ్యాటరీ ఉబ్బలేదు, ఫోన్‌కు రెండేళ్లు కూడా కాలేదు. అప్‌డేట్ అయ్యి మూడు రోజులే కదా. ముందు ఎవరు తింటున్నరో చూడు, తర్వాత మారుద్దాం" అన్నాడు.

నాకు సిగ్గనిపించింది. పొలాసలో డిప్లొమా చదివేటప్పుడు మాకు మొదట నేర్పింది అదే. పసుపు ఆకు పండుబారింది అంటే నత్రజని లోపం కావచ్చు, ఇనుము లోపం కావచ్చు, నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుండవచ్చు. ఆకు చూసి మందు చెప్పొద్దు, పీకి వేరు చూడాలి. రైతులకు రోజూ ఈ మాట చెప్పే నేను నా ఫోన్ విషయంలో ఆకు చూసి మందు కొట్టాను.

అప్‌డేట్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు

ఇది అందరూ తెలుసుకోవాలి. పెద్ద అప్‌డేట్ అయ్యాక ఫోన్ లోపల చాలా పని ఉంటుంది. ప్రతి యాప్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు మళ్లీ సర్దుకుంటుంది, ఫోటోలు, వీడియోలు మళ్లీ వెతికి లెక్క పెట్టుకుంటుంది. అందుకే కొంచెం వేడెక్కుతుంది, ఛార్జింగ్ తొందరగా దిగుతుంది. నాటు వేసిన వరి మొదటి వారం తేరుకోదు కదా, అట్లాంటిదే ఇది. అప్పుడే యూరియా చల్లినట్టు ఫోన్‌కు కూడా తొందరపడి ఏమీ చేయొద్దు.

ఈ రెండు మూడు రోజుల్లో చేయాల్సింది మూడే పనులు. ఫోన్‌ను ఒకసారి ఆపి ఆన్ చేయాలి. ప్లే స్టోర్‌లో యాప్‌లను అప్‌డేట్ చేయాలి, ఎందుకంటే పాత యాప్ కొత్త సాఫ్ట్‌వేర్‌తో పొసగక కూడా బ్యాటరీ తింటుంది. రాత్రి వైఫై ఉంటే దానికి కలిపి, ఛార్జింగ్ పెట్టి వదిలేయాలి. వారం దాటినా మారకపోతే అప్పుడు వెతకాలి.

మూడు రాత్రుల పరీక్ష

నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. రాత్రి పదింటికి ఎంత, పొద్దున ఐదింటికి ఎంత అని రాసుకున్నాను. ఛార్జర్ పెట్టలేదు, ఫోన్ ముట్టలేదు. ఈ మూడు రాత్రులు ఇంట్లో ఇంకో ఫోన్ ఆన్‌లో ఉండాలి, అది మరవకండి.

మొదటి రాత్రి మామూలుగా వదిలేశాను. 80 నుంచి 57కు దిగింది. 23 శాతం పోయింది.

రెండో రాత్రి ఏరోప్లేన్ మోడ్ పెట్టాను. 78 నుంచి 76కు దిగింది. పోయింది 2 శాతమే.

మూడో రాత్రి ఇంటర్నెట్ ఆపి, కాల్స్ మాత్రం వచ్చేటట్టు ఉంచాను. 80 నుంచి 71కి దిగింది. 9 శాతం.

ఇప్పుడు లెక్క చూడండి. బ్యాటరీ పాడైతే ఏరోప్లేన్ మోడ్‌లో కూడా దిగాలి. దిగలేదు. అంటే బ్యాటరీ మంచిగానే ఉంది, పన్నెండు వందలు మిగిలినయ్. ఇంటర్నెట్ ఆపితే 23 కాస్తా 9 అయింది. అంటే నెట్ వాడుకునేది ఏదో రాత్రంతా పని చేస్తోంది. నెట్ ఆపినా 9 పోయింది అంటే సిగ్నల్ దగ్గర ఇంకో సమస్య ఉంది. ఒక రోగం కాదు, రెండు.

ఒకవేళ మీకు ఏరోప్లేన్ మోడ్‌లో కూడా బాగా దిగితే, బ్యాటరీ ముసలిదై ఉండాలి, లేదా ఏదో యాప్ ఫోన్ లోపలే ఆగకుండా నడుస్తుండాలి. అప్పుడు సేఫ్ మోడ్‌లో ఒక రాత్రి పెట్టి చూడండి. అందులో మనం వేసుకున్న యాప్‌లు ఆగిపోతాయి, ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. సేఫ్ మోడ్‌లో బాగుంటే తప్పు మనం వేసుకున్న యాప్‌లలోనే ఉంది.

నా దొంగలు ఎవరు

మొదటి దొంగ: సెట్టింగుల్లో బ్యాటరీ, అందులో బ్యాటరీ వాడకం చూస్తే అన్నిటికంటే పైన ఫోటోల బ్యాకప్ యాప్ ఉంది. పసుపు ఉడకబెట్టే వీడియోలు పెద్ద సైజులో తీసి ఫోన్‌లోనే ఉంచాను. అప్‌డేట్ తర్వాత వచ్చిన పేజీలలో చదవకుండా "సరే, సరే" అని నొక్కుకుంటా పోయాను. మొబైల్ డేటా మీద కూడా బ్యాకప్ చేయమని ఒప్పుకున్నది నేనే. సిగ్నల్ తక్కువ ఉన్న చోట ఆ వీడియోలు సగం ఎక్కి ఆగి, మళ్లీ మొదలవుతూ ఉన్నాయి. బ్యాకప్‌ను వైఫై ఉన్నప్పుడే అని మార్చాను.

రెండో దొంగ: రెండో సిమ్. మా ఊర్లో దానికి సిగ్నల్ రాదు. సిగ్నల్ లేని సిమ్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే టవర్‌కు అందేలా ఫోన్ ఎక్కువ శక్తితో పంపాల్సి వస్తుంది. రుద్రంగి వైపు గుట్టల్లో అంత వేగంగా ఎందుకు దిగిందో అప్పుడు అర్థమైంది. ఆ సిమ్‌ను సెట్టింగుల్లో ఆపేశాను. మా పొలం కాడ 5జీ ఒక నిమిషం వచ్చి ఒక నిమిషం పోతుంది, కాబట్టి అక్కడ 4జీకి మార్చుకుంటున్నాను.

నాలుగో రాత్రి మళ్లీ చూస్తే పోయింది 4 శాతమే.

ఒక్కొక్కటే మార్చండి. రెండు మందులు కలిపి కొడితే ఏది పని చేసిందో తెలియదు.

ఎండ, వయసు

మన జగిత్యాలలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. యాపిల్ లాంటి కంపెనీలు చుట్టూ 35 డిగ్రీల లోపు ఉన్న చోట ఫోన్ వాడమంటాయి. బండి హ్యాండిల్‌కు ఫోన్ కట్టి, మ్యాప్ పెట్టి, ఎండలో పోతే బ్యాటరీ ఆ రోజు దిగడమే కాదు, దాని ఆయుష్షు కూడా తగ్గుతుంది. వేడెక్కిన ఫోన్‌ను చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తడి పడుతుంది.

బ్యాటరీకి కూడా పశువు లాగే ఈతల లెక్క ఉంటుంది. పూర్తిగా ఒకసారి వాడిన ఛార్జింగ్ ఒక సైకిల్. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని నియమం పెట్టారు. రోజుకో సైకిల్ అనుకుంటే అది రెండేళ్ల పైమాటే. 20, 30 శాతం ఉండగానే ఫోన్ టక్కున ఆగిపోతే, వెనక డబ్బా ఉబ్బితే, బ్యాటరీ మార్చాల్సిందే. ఉబ్బిన దాన్ని గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు.

ఇంకో మాట. పాత బ్యాటరీని పెంటకుప్పలో, పొలం గట్టు మీద పారేయకండి. రసాయనం వద్దని ఇన్నేళ్లు కాపాడుకున్న మట్టి అది. రిపేర్ షాపులో ఇచ్చి, ఈ-వ్యర్థాల సేకరణకు పంపమని చెప్పండి.

కంపెనీ తప్పు కూడా ఉండొచ్చు

అన్నిసార్లూ తప్పు మనదే కాదు. పాత ఐఫోన్లు అకస్మాత్తుగా ఆగిపోకుండా ఉండాలని అప్‌డేట్ ద్వారా వాటి వేగం తగ్గించినట్టు యాపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. అమెరికాలో బ్యాటరీ మార్పు ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏ ఫోన్లకు ఒక అప్‌డేట్ పంపింది. దాంతో కొన్ని ఫోన్లలో బ్యాటరీ నిలిచే సమయం తగ్గింది. అట్లాంటి వాళ్లకు ఉచితంగా బ్యాటరీ మార్చడం లాంటి అవకాశాలు ఇచ్చింది.

కాబట్టి మీరు అన్నీ చూసినా తగ్గకపోతే, అదే మోడల్ వాడే వాళ్లను అడగండి. దాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కు మీ నోట్‌బుక్ లెక్క తీసుకుపోండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫోన్ మొత్తం రీసెట్ చేయడం ఆఖరి మందు. ముందుగా నంబర్లు, వాట్సాప్, ఫోటోలు దాచుకోండి. యూపీఐ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వస్తుంది.

"అయితే అప్‌డేట్ చేసుకోవడమే మానేద్దాం" అనకండి. ఫోన్‌లో దొంగలు దూరే సందులను మూసేది ఆ అప్‌డేట్లే. మన డబ్బులు అందులోనే ఉన్నాయి. కాకపోతే ఇంట్లో ఉండే రోజు చేసుకోండి. కోతల రోజు, డెలివరీకి పోయే ముందు రాత్రి, చూడి పశువుకు నెలలు నిండిన వారం అసలే వద్దు. వచ్చే ప్రతి పేజీ చదివి నొక్కండి.

ఇప్పుడు నా పద్ధతి

డెలివరీకి పోయేటప్పుడు పేర్లు, నంబర్లు, దారి ఒక కాగితం మీద రాసుకుంటాను. సంచిలో పవర్ బ్యాంక్ ఉంటుంది. ఆపేసిన ఆ రెండో సిమ్‌ను మా ఊర్లో సిగ్నల్ వచ్చే నెట్‌వర్క్‌కు మార్పించి, బటన్ ఫోన్‌లో వేసి బాపుకు ఇచ్చాను. కొట్టం గోడ మీద సున్నంతో 1962 అని, దాని కింద పక్క పొలం కాక నంబరు పెద్దగా రాశాం. ఉమ్మనీరు పోయి గంట దాటినా దూడ రాకపోతే నాకోసం చూడొద్దని, ముందు దానికే చేయమని బాపుకు చెప్పాను.

అదే ఫోన్, అదే బ్యాటరీ. పొద్దున ఆరింటికి 100 ఉంటే రాత్రి ఎనిమిదింటికి 35 మిగులుతోంది. ఈ వీడియో కూడా దాంతోనే తీశాను.

గౌరి ఇప్పుడు మళ్లీ చూడిది. ఏడో నెల. ఆ నెల నిండే వారం నేను ఎక్కడికీ పోను, ఫోన్‌కు ఏ అప్‌డేట్ వచ్చినా ఒత్తను.

మీ మూడు రాత్రుల లెక్క ఎంత వచ్చిందో వీడియో కింద రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే వారం పసుపు తవ్వకం గురించి కలుద్దాం. ఉంటాను.