ఒకే దర్వాజా – ఒక దర్వాను

హైదరాబాదు పాతనగరములోని దేవిడీలను చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. చుట్టును ఎత్తైన ప్రహరీ, దానికొక పెద్ద దర్వాజా, దర్వాజా వద్ద ఒక దర్వాను. వచ్చినవారెవరైనను తమ పనిని అతనికి చెప్పుకొనవలెను. అతడు లోనికి కబురు మోసి, బదులు తెచ్చి యిచ్చును. దీవాన్‌ఖానా ఎటు, జనానా ఎటు, ఖజానా గది ఏది అను సంగతి వీథిలోనివారికి తెలియదు, తెలియనక్కరయు లేదు. నేటి కంప్యూటరు విద్యలో ‘రివర్స్ ప్రాక్సీ’ అని పిలువబడు సాధనము చేయు పని ఇదియే.

ప్రాక్సీ అను మాట మన విద్యార్థులకు క్రొత్త కాదు. హాజరు పిలిచినపుడు రాని మిత్రునికి బదులు పలుకుటను వారు చిరకాలముగా ఆ పేరుతోనే వ్యవహరించుచున్నారు. కంప్యూటరు భాషలోను ప్రాక్సీ యనగా మరొకరికి మారుగా నిలుచునదియే. అడుగువాని పక్షమున నిలిచినచో అది మామూలు ప్రాక్సీ. బదులిచ్చువాని పక్షమున నిలిచినచో రివర్స్ ప్రాక్సీ. దీని అవసరము మాకు పుస్తకముల వలన గాక, మా పొరపాటు వలన తెలిసివచ్చినది. ఆ వృత్తాంతమును ఇచట దాచక వ్రాయుచున్నాము.

మా శాఖలోని గ్రంథములను ఉర్దూ, తెలుగు లిపులు రెండింటిలోను వెదకుటకు వీలుగా ఒక వెబ్ పట్టికను కొందరు విద్యార్థుల సహాయముతో సిద్ధము చేసినాము. అది శాఖలోని ఒక కంప్యూటరుపై డాకర్ కంటైనర్లలో నడచుచుండెను. 2013లో వెలువడిన డాకర్‌ను టిఫిను క్యారియరుతో పోల్చవచ్చును. ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒక గిన్నెలో సర్ది మూతపెట్టుటయే కంటైనరు. మా పట్టిక ఒక గిన్నెలోను, పోస్ట్‌గ్రెస్ అను సమాచార భాండారము మరొక గిన్నెలోను ఉండెను. పుస్తకములు తీసికొన్నవారి పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు ఈ రెండవ గిన్నెలో ఉండెను.

ఒకనాడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకరు మా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తన ల్యాప్‌టాపును మా ముందుంచినారు. అందులో మన విద్యార్థినుల పేర్లు, ఫోను నంబర్లు వరుసగా కనిపించినవి. ఆయన కళాశాల వై-ఫై నుండి మా కంప్యూటరు యొక్క 5432వ పోర్టును తట్టి చూచినారు. అది తెరచియుండెను. సంకేతపదముగా మేము కళాశాల పేరునే పెట్టియుంటిమి. ఆ విద్యార్థి మంచివారగుటచే మా వద్దకు వచ్చినారు. మరొకరైనచో ఆ పట్టిక ఎచ్చటికి పోయెడిదో చెప్పలేము. కుమార్తె ఫోను నంబరును తల్లిదండ్రులు కళాశాలకు ఇచ్చినారనగా అది అమానతు. దానిని కాపాడలేకపోవుట తెలియక జరిగినను ఖయానతే యగును.

ఆ కంప్యూటరుకు ఫైర్‌వాల్ ఉన్నది గదా యని మొదట మేము వాదించినాము. ఆ వాదము నిలువలేదు. డాకర్ ఒక పోర్టును బయటికి తెరచునపుడు, మనము వేరుగా చెప్పనిచో, ఆ యంత్రమునకు గల అన్ని నెట్‌వర్కు చిరునామాలపైనను తెరచును. అంతేకాక లినక్సు కెర్నెలులోని ప్యాకెట్ల వడపోతలో తన నియమములను తానే వ్రాసికొనును. అందుచేత ఉబుంటులో సాధారణముగా వాడెడు యు.ఎఫ్.డబ్ల్యు. అను ఫైర్‌వాల్ ‘మూయుము’ అని చెప్పినను ఆ రాకపోకలు ఆగవు. ముందు దర్వాజాకు తాళము వేసి పెరటి గోడకు కన్నము వదలినట్లయినది మా పని.

పిమ్మట మేము చేసిన మార్పులను క్రమముగా చెప్పెదము.

మొదటిది, పట్టికకు గాని భాండారమునకు గాని బయటికి తెరచిన పోర్టు లేకుండ చేసినాము. డాకర్‌లో మనము ప్రత్యేకముగా నిర్మించుకొను లోపలి నెట్‌వర్కుపై కంటైనర్లు ఒకదానినొకటి పేరుతో పిలుచుకొనగలవు. బయటి పోర్టు వాటికి అక్కరలేదు. అట్టి నెట్‌వర్కులను రెండింటిని ఏర్పరచినాము. ఒకదానిపై ప్రాక్సీ, పట్టిక ఉండును. రెండవదానిపై పట్టిక, భాండారము ఉండును. కావున దర్వాను సైతము ఖజానా గదికి నేరుగా పోజాలడు. పరీక్ష కొరకు ఎప్పుడైన పోర్టు తెరువవలసివచ్చినచో 127.0.0.1 అను చిరునామాకు కట్టి తెరువవలెను. అప్పుడది ఆ యంత్రమునకు మాత్రమే వినబడును.

రెండవది, బయటివారికి ప్రాక్సీని మాత్రమే చూపినాము. ఇందుకు ప్రసిద్ధమైన సాధనములు రెండు కలవు. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ వ్రాసి 2004లో లోకమునకు ఇచ్చిన ఇంజిన్ఎక్స్ ఒకటి. 2015లో వెలువడిన క్యాడీ మరొకటి. అమరిక సులభమగుటచే మేము క్యాడీని తీసికొన్నాము. అది 443వ పోర్టుపై భద్రమైన సంభాషణ నడపును. 80వ పోర్టుకు వచ్చినవారిని 443కు పంపివేయును. లోని పట్టికకు అందరును ప్రాక్సీ చిరునామాతోనే వచ్చినట్లు కనబడుదురు గనుక, అసలు వచ్చినవారి చిరునామాను ప్రాక్సీ ఒక చీటీవలె జతచేసి పంపును. ప్రాక్సీ తెచ్చిన చీటీని మాత్రమే పట్టిక నమ్మవలెను. అట్టి చీటీని ఎవరైనను వ్రాసికొని రాగలరు గదా!

మూడవది, ధ్రువపత్రము. బ్రౌజరుకు, ప్రాక్సీకి మధ్య మాటలు ఇతరులకు వినబడకుండ చేయునది టి.ఎల్.ఎస్. అను పద్ధతి. దీని పాత రూపములు 1.0, 1.1 అనునవి 2021లో త్యజింపబడినవి, 1.2ను, 2018లో వెలువడిన 1.3ను మాత్రమే అనుమతింపవలెను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 డిసెంబరు నుండి ధ్రువపత్రములను సర్వులకును ఉచితముగా ఇచ్చుచున్నది. కాని ఇంటర్నెట్టులో నమోదైన పేర్లకే అది ఇచ్చును; కళాశాల గోడల లోపల మనము పెట్టుకొన్న పేరుకు ఇయ్యదు. అట్టి పేరుకు క్యాడీయే ఒక స్థానిక మూలపత్రమును సృష్టించి, దాని క్రింద ధ్రువపత్రమును తయారుచేయగలదు. ఆ మూలపత్రమును ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరునందును మనమే ప్రతిష్ఠింపవలెను. అట్లు చేయక, బ్రౌజరు హెచ్చరికను పట్టించుకొనవద్దని విద్యార్థులకు చెప్పుట కూడదు. ఇచట అలవాటుపడినవారు రేపు బ్యాంకు పేరుతో వచ్చిన మోసపు పేజీ యెదుటను అట్లే దాటిపోవుదురు.

ఇందు మరియొక చిక్కు కలదు. ఆ మూలపత్రము కంటైనరు లోపలనే ఉండిపోయినచో, కంటైనరును తీసి మరల నిలిపిన నాడు క్రొత్తది పుట్టును. అన్ని కంప్యూటర్లును హెచ్చరికలు చూపును. కావున దానిని వేరొక శాశ్వత నిల్వస్థానమున ఉంచవలెను. దాని రహస్యపు కీని ఎవరికిని ఇయ్యరాదు.

నాలుగవది, డాకర్‌ను ఆజ్ఞాపించు సాకెట్టును ప్రాక్సీ కంటైనరునకు అప్పగింపరాదు. సౌకర్యము కొరకు కొందరు అట్లు చేయుదురు. దాని వలన ప్రాక్సీని వశపరచుకొన్నవారికి యంత్రమంతయు వశమగును. దర్వానుకు దర్వాజా తాళముచెవి చాలును. ఇంటి తాళముల గుత్తి యంతయు అక్కరలేదు.

చివరిది పరీక్ష. సేవ నడచు కంప్యూటరునుండియే పరీక్షించినచో మోసపోవుదుము. అచట మూయవలసినవియు తెరచినట్లు కనబడవచ్చును. మరొక కంప్యూటరునుండి పోర్టులన్నింటిని తట్టి చూడవలెను. పట్టిక సేవకు 80, 443 తప్ప మరేదియు పలుకరాదు. ఈ పరీక్షను మా తప్పును పట్టిన ఆ విద్యార్థి చేతనే చేయించినాము.

ఇంతమాత్రముచేత పని ముగిసినదని మేము భావింపలేదు. దర్వాను ఎంత నమ్మకస్తుడైనను ఇంటివారి జాగ్రత్తకు మారుకాడు. పట్టికలో ప్రవేశమునకు ప్రతివారికి వేరు సంకేతపదములు ఏర్పరచినాము. భాండారపు సంకేతపదమును మార్చినాము. జరిగిన సంగతిని విద్యార్థినులకు తెలిపి క్షమాపణ కోరినాము. పుస్తకము తిరిగి ఇచ్చినవారి ఫోను నంబర్లను తొలగించినాము. అవి మాకిక అవసరము లేనివి. అసలు చిరునామాలు అడుగుట యేల యని ఒక విద్యార్థిని ప్రశ్నించినది. మావద్ద సమాధానము లేకపోయెను. ఆ గడిని పట్టికనుండి తీసివేసినాము.