బండి తిరగలేదు సరే, మరి వయసు ఆగిందా?

ఈరోజు ఎపిసోడ్ మన దాచేపల్లి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మీద. "అన్నా, మా ఇంట్లో 2012 మోడల్ 407 ఉంది. మీటర్ మీద 58 వేలే. మిర్చి సీజన్‌లో తప్ప పెద్దగా బయటికి తీయం. సీజన్ ముందు పని చేయిద్దాం అంటే నాన్న 'తిరగని బండికి సర్వీస్ ఏంట్రా' అంటున్నాడు. ఎవరు కరెక్ట్?"

చూడండి, నాన్న చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. క్లచ్ ప్లేటు, గేర్లు, బేరింగులు, ఇంజిన్ లోపలి పిస్టన్ రింగులు, ఇవన్నీ ఎక్కువగా తిరిగితేనే అరుగుతాయి. 58 వేలకి వాటికి ఏమీ కాకపోవచ్చు. కానీ మిగతా సగం ఉంది. రబ్బరు, ఆయిల్, కూలెంట్, బ్యాటరీ. వీటికి మీటర్‌తో పనిలేదు, క్యాలెండర్‌తోనే పని. మీ పాత ఫోన్‌ని రెండేళ్లు బీరువాలో పడేసి తీయండి. ఒక్క కాల్ కూడా మాట్లాడలేదు, అయినా బ్యాటరీ ఉబ్బి ఉంటుంది లేదా చార్జింగ్ నిలబడదు. బండి కూడా అంతే.

అందుకే కంపెనీ ఇచ్చిన సర్వీస్ బుక్ తెరిస్తే చాలా పనుల పక్కన రెండు లెక్కలు కనిపిస్తాయి. ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని నెలలు, ఏది ముందు వస్తే అది. మనోళ్లు మొదటిది చదివి రెండోది వదిలేస్తారు. ఏటా నాలుగైదు వేలు తిరిగే బండికి "పదివేలకోసారి ఆయిల్" అని పెట్టుకుంటే ఆ ఆయిల్ రెండేళ్లు లోపలే ఉంటుంది.

ఇంకో మాట. మన చట్టం కూడా వయసునే చూస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం లారీలు, ట్రక్కుల్లాంటి రవాణా బండ్లకి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి ఎఫ్‌సీ, ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ. అందులో ఎక్కడా "తక్కువ తిరిగితే మినహాయింపు" అని లేదు.

సరే, ఇప్పుడు డబ్బులు ఒకేసారి అన్నిటికీ ఉండవు కాబట్టి వరుసగా చెప్తా. ముందు ప్రాణం కాపాడేవి, తర్వాత ఇంజిన్ కాపాడేవి.

నంబర్ వన్, బ్రేక్ ఆయిల్. ఇది గాలిలో తేమని లాక్కుంటుంది. బండి షెడ్డులో ఉన్నా లాక్కుంటూనే ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని స్టాండర్డ్. అందులో 3.7 శాతం నీళ్లు కలిస్తే ఆ లెక్క 140కి పడిపోతుంది. ఇప్పుడు ఊహించండి. యాభై మిర్చి టిక్కీలు వేస్తే దగ్గరదగ్గర రెండు టన్నులు. ఏప్రిల్ ఎండ. పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు యార్డుకి పోతున్నారు. ట్రాఫిక్‌లో పదే పదే బ్రేక్ కొడితే ఆ వేడికి ఆయిల్‌లో నీళ్లు ఆవిరై బుడగలు అవుతాయి. ఆయిల్ నొక్కుడు పడదు, బుడగ నొక్కుడు పడుతుంది. అంటే పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు. ఖాళీ బండిని ఊళ్లో తిప్పి "బ్రేకులు బానే ఉన్నాయిగా" అనుకుంటే తెలిసేది కాదు ఇది. కాబట్టి రెండేళ్లకోసారి పాత ఆయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించండి. మూత మీద రాసి ఉన్న గ్రేడే వాడాలి. అదే చేత్తో వీల్ సిలిండర్ల రబ్బర్లు, బ్రేక్ హోస్ పైపులు కూడా చూపించండి. పెద్ద లారీలకైతే ఎయిర్ బ్రేకులు. వాటికి ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదలాలి, గాలి లీకులు చూడాలి.

నంబర్ టూ, టైర్లు. టైర్ పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైంది అని. గాడి లోతుగా ఉంది కదా అని మోసపోవద్దు. రబ్బరుని పగుళ్ల నుంచి కాపాడే మైనం లాంటి పదార్థం టైర్ తిరుగుతూ వంగినప్పుడే బాగా పైకి వస్తుంది. నిలబడిన టైర్‌కి ఆ కాపుదల తక్కువ. పైగా మనది రెంటచింతల పక్కన ప్రాంతం, ఎండాకాలం వార్తల్లో ఆ పేరు ఎందుకు వస్తుందో మీకు తెలుసు. చాలా టైర్ కంపెనీలు చెప్పేది ఒకటే. అయిదేళ్లు దాటితే ఏటా చెక్ చేయించండి, పదేళ్లు దాటితే గాడి ఉన్నా మార్చేయండి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. దాన్నే అందరూ మర్చిపోతారు.

నంబర్ త్రీ, కూలెంట్, హోస్ పైపులు, బెల్టు. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా చూసే మందు కాలంతో పాటు అయిపోతుంది. రకాన్ని బట్టి రెండు నుంచి అయిదేళ్లు, మీ బుక్‌లో చూడండి. బోరు నీళ్లు మాత్రం పోయకండి. మనది సున్నపురాయి నేల. నీళ్లు కాచే గిన్నెకి అడుగున తెల్లగా గట్టిపడుతుంది చూశారా, రేడియేటర్ గొట్టాల్లో కూడా అదే పేరుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హోస్ పైపుని చేత్తో నొక్కండి. రాయిలా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా మార్చాల్సిందే. ఫ్యాన్ బెల్టు మీద పగుళ్లు చూడండి. మీ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటే, దానికి ఎన్నేళ్లు గడువు ఇచ్చారో చూసుకోండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. పెద్ద ఖర్చు.

నంబర్ ఫోర్, ఇంజిన్ ఆయిల్. ఎంత తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి, ఫిల్టర్‌తో సహా. చాలామంది వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. అది మేలు కన్నా కీడే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పుట్టిన తేమ బయటికి పోదు, బ్యాటరీ వాడుకున్న చార్జింగ్ కూడా తిరిగి రాదు. స్టార్ట్ చేస్తే అరగంట రోడ్డు మీద తిప్పండి. మధ్యలో ఆపకుండా తిప్పుకొని రండి, చాలు. తిప్పే వీలు లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి ఉంచండి.

నంబర్ ఫైవ్, నిలబెట్టేటప్పుడు జాగ్రత్తలు. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగాలో గాలి ఉంటే అందులో తేమ నీళ్లై అడుక్కి చేరుతుంది. సీజన్ ముందు డీజిల్ ఫిల్టర్ దగ్గర నీళ్లు వదలండి. సున్నపు బట్టీల దగ్గర, క్వారీల దగ్గర తిరిగే బండి అయితే ఎయిర్ ఫిల్టర్ కిలోమీటర్లతో సంబంధం లేకుండా చూడాలి. గడ్డివాము పక్కన నిలబెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బానెట్ ఎత్తి చూశాకే స్టార్ట్ చేయండి. కమాన్ కట్టలకి, జాయింట్లకి గ్రీజు కొట్టించండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి కూడా ఇదే మాట. "తక్కువ తిరిగింది బ్రో" అని ఎవరన్నా చెప్తే, సంతోషం, కానీ టైర్ తేదీ ఎంత, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, కూలెంట్ ఎప్పుడు పోశారు అని అడగండి. సమాధానం లేకపోతే ఇవన్నీ మీ ఖర్చే అనుకుని, ఆ మేరకు ధర తగ్గించమనండి.

చివరిగా తమ్ముడికి. నాన్నతో వాదన పెట్టుకోకు. ఫోన్ క్యాలెండర్‌లో నాలుగు రిమైండర్లు పెట్టు: ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఎఫ్‌సీ. తర్వాత నాన్నని బండి దగ్గరికి తీసుకెళ్లి టైర్ మీద ఆ నాలుగు అంకెలు చూపించు. ఈ ఏడు ఒక్క పనికే డబ్బులు ఉన్నాయంటే బ్రేకులు చేయించు. బండి స్టార్ట్ కాకపోతే ఒక ట్రిప్పు పోతుంది అంతే. బ్రేక్ పడకపోతే పోయేది ట్రిప్పు కాదు, స్టీరింగ్ పట్టుకునేది మీ నాన్నే.