నురగకు వెన్నుదన్ను కోకం వెన్న

గడ్డానికి పట్టించిన నురగ రెండు నిమిషాలైనా నిలవకుండా ఆరిపోతే, బ్లేడు నేరుగా చర్మం మీద నడుస్తుంది. మంట, గాట్లు, ఎర్రటి పొక్కులు అక్కడే మొదలు. ఒంటిసబ్బుతో గీసుకునేవాళ్లకు ఇది అనుభవమే. దాని నురగ ఎంత గబగబా లేస్తుందో అంత గబగబా కూలిపోతుంది. షేవింగ్ సబ్బు నురగ అలా కాదు. మీగడలా చిక్కగా ఉండి, వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడేదాకా తడిని పట్టి ఉంచాలి.

తేడా అంతా కొవ్వులోనే ఉంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. పెద్ద పెద్ద బుడగలు వచ్చేది దానివల్ల. వాటిని చిక్కబరిచి నిలబెట్టేది స్టియరిక్ ఆమ్లం. కొబ్బరినూనెలో అది నూటికి సుమారు మూడు పాళ్లే. పాతకాలపు షేవింగ్ సబ్బుల్లో ఆ బలం పశువుల కొవ్వు నుంచి వచ్చేది. అది వద్దనుకునేవాళ్లకు గింజల నుంచి తీసే వెన్నలున్నాయి. షియా, మామిడి వెన్నల్లో స్టియరిక్ 40 శాతం వరకూ ఉంటుంది. కోకో వెన్నలో సుమారు మూడో వంతు. కోకం వెన్నలో సగానికి పైనే.

కోకం కొంకణ తీరపు చెట్టు. రత్నగిరి, సింధుదుర్గ్, గోవా ప్రాంతాల్లో ఎండలు ముదిరే వేళకు ముదురు ఎరుపు కాయలు పండుతాయి. తొక్క షర్బత్‌కూ సోల్‌కఢీ అనే పానీయానికీ పోతుంది. మిగిలిన గింజలను అక్కడి ఇళ్లలో ఎండబెట్టి, పగలగొట్టి, పప్పును నూరి నీళ్లలో మరిగిస్తారు. పైకి తేలిన కొవ్వును తీసి, చేత్తో కోడిగుడ్డంత ముద్దలు కడతారు. గది వేడికి కరగని ఆ గట్టి ముద్దనే పగిలిన మడమలకు రాసుకోవడం అక్కడి అలవాటు.

మనకు దగ్గరి సరుకు మామిడి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి రసం తీశాక టెంకలు కుప్పలుగా మిగులుతాయి. ఆ టెంకలోని జీడిలోనే మామిడి వెన్న ఉంది. ఇప్పనూనె కూడా సబ్బుకు పనికొస్తుంది కానీ స్టియరిక్ పాలు తక్కువ కాబట్టి దానికి సాయం కావాలి.

నిజానికి కోకానికీ సాయం కావాలి. అందుకే తయారుచేసేవాళ్లు విడిగా దొరికే స్టియరిక్ ఆమ్లాన్ని కొవ్వుల్లో సగం దాకా కలుపుతారు. స్టియరిక్ 50, కోకం వెన్న 20, కొబ్బరినూనె 20, ఆముదం 10 పాళ్లు మంచి మొదలు. ఈ వెన్నంతా చర్మానికి పోషణ అని ప్రచారం చేస్తుంటారు. దాన్ని పూర్తిగా నమ్మనక్కర్లేదు. క్షారంతో కలిసి వెన్నలో ఎక్కువ భాగం సబ్బుగా మారిపోతుంది. క్షారం కాస్త తగ్గించి వేస్తే మిగిలే కొవ్వు సుమారు 5 శాతమే.

క్షారాలు రెండు. కాస్టిక్ సోడా ఒక్కటే వేస్తే సబ్బు రాయిలా గట్టిపడి బ్రష్‌కు సులువుగా లొంగదు. కాస్టిక్ పొటాష్ దాన్ని మెత్తబరిచి నీళ్లలో తేలిగ్గా కరిగేలా చేస్తుంది. అందుకే పొటాష్ పాలు ఎక్కువగా ఉండేలా రెండూ కలుపుతారు. ఎంతెంత అన్నది మాత్రం ఉజ్జాయింపుగా వేసే లెక్క కాదు. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18.3 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే కోకం వెన్నకు 13.5 చాలు. ఒక కొవ్వు బదులు మరొకటి వేసి లెక్క మార్చకపోతే క్షారం మిగిలి ముఖం కాలుతుంది. పొటాష్ పొట్లం మీద రాసిన స్వచ్ఛత శాతాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా ఈ పనికి దిగకూడదు. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. క్షారాన్నే నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, క్షారం మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నెను క్షారం తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. స్టీలు గిన్నే వాడాలి. ఒంటి మీద చిందితే వెనిగర్ కోసం వెతక్కుండా చాలాసేపు నీళ్ల ధార కింద కడగాలి.

స్టియరిక్ ఎక్కువ కాబట్టి క్షారం తగలగానే మిశ్రమం క్షణాల్లో ముద్దకట్టేస్తుంది. కంగారు పడనక్కర్లేదు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గంటా గంటన్నర కలుపుతూ ఉడికిస్తే ముద్ద నిగనిగలాడుతూ సాగుతుంది. అప్పుడు కాస్త గ్లిజరిన్ కలిపి డబ్బాలోకి అదమాలి. కొన్ని వారాలు ఆరితే నురగ ఇంకా బాగుంటుంది. సొంతానికి చేసుకోవడం వేరు. అమ్మాలంటే మాత్రం 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి.

ఇంత చేసినా బోరు నీళ్లు దెబ్బతీయవచ్చు. ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం స్టియరేట్‌ను పట్టుకుని తెల్లటి తెట్టుగా మారుస్తాయి, నురగ లేవదు. అలాంటి ఊళ్లలో గ్లాసుడు వాననీళ్లో ఫిల్టరు నీళ్లో వాడితే సరిపోతుంది. సబ్బులోనే సోడియం సిట్రేట్ కొద్దిగా కలిపినా ఫలితం ఉంటుంది. దాని బదులు నిమ్మ ఉప్పు వేస్తే అది కొంత క్షారాన్ని తాగేస్తుంది కాబట్టి, ఆ మేరకు కాస్టిక్‌ను ముందే పెంచి తూచుకోవాలి.